వయసు పైబడ్డాక థైరాయిడ్



డెబ్బై అయిదేళ్ళ అమ్మకు ఈమధ్య నీరసంగా ఉంటోందని పిల్లలు రక్తపరీక్ష చేయిస్తారు. సాయంత్రానికల్లా రిపోర్టు ఫోనుకు వచ్చేస్తుంది. అందులో టీఎస్‌హెచ్ అన్నచోట 6.2 అని బొద్దు అక్షరాల్లో ఉంటుంది. పక్కనే ఒక చుక్క గుర్తు. ఇంటిల్లిపాదికీ కంగారు పుడుతుంది. మర్నాటి నుంచే ఒక మాత్ర మొదలవుతుంది, దాన్ని జీవితాంతం వేసుకోవాలన్న మాట కూడా దాంతోపాటే వస్తుంది. ఆ మాత్ర ఆవిడకు నిజంగా అవసరమా అని అడిగేవాళ్ళు తక్కువ. ఈ పూట నేను మాట్లాడబోయేది ఆ ప్రశ్న గురించే. మాత్ర అవసరమై కూడా, ‘వయసైపోయింది, అంతేలే’ అని ఎవరూ పట్టించుకోని పెద్దవాళ్ళు మరోపక్క ఉన్నారు. వాళ్ళ సంగతీ చెప్తాను.

ముందు ఈ హార్మోన్ ఒంట్లో ఎలా పనిచేస్తుందో కాస్త చూద్దాం.

థైరాయిడ్ గొంతు ముందువైపు, కంఠమణికి కొంచెం కిందుగా, శ్వాసనాళాన్ని అంటిపెట్టుకుని ఉంటుంది. బరువు 20 గ్రాములకు అటూఇటూ. మనం తినే ఉప్పు ద్వారా రక్తంలోకి చేరిన అయొడిన్‌ను అది లాక్కుని రెండు హార్మోన్లు తయారుచేస్తుంది. నాలుగు అయొడిన్ పరమాణువులున్నది టీ4, అంటే థైరాక్సిన్. మూడున్నది టీ3. గ్రంథి నుంచి ఎక్కువగా బయటికొచ్చేది టీ4. కానీ కణాల్లో అసలు పని చేసేది టీ3. టీ4ను వడ్లనుకోండి, టీ3ని బియ్యమనుకోండి. గ్రంథి ఊరందరికీ పంపేది చాలావరకు వడ్లే. వెనకటి రోజుల్లో ఏ ఇంటి బియ్యం ఆ ఇంట్లోనే దంచుకున్నట్టు కాలేయం, మూత్రపిండాలు, మెదడు, కండరాలు తమ దగ్గరికొచ్చిన టీ4 నుంచి ఒక అయొడిన్ తీసేసి టీ3 చేసుకుంటాయి. ఒంట్లో రోజూ తయారయ్యే టీ3లో దాదాపు 80 శాతం ఇలా గ్రంథికి బయట తయారైనదే. ఈ పనికి డీఅయోడినేజులనే ఎంజైములున్నాయి. వాటిలో ఒకటి మాత్రం అవసరం లేనప్పుడు హార్మోన్‌ను పనికిరాని రూపంలోకి మార్చి పక్కన పడేస్తుంది. అంటే ఎంత హార్మోన్ వాడుకోవాలన్నది కొంతవరకు ఆయా అవయవం చేతుల్లోనే ఉంది. గుండెకు మాత్రం ఈ వెసులుబాటు దాదాపు లేదు. అది రక్తంలో తిరిగే టీ3 మీదే ఆధారపడుతుంది. పెద్దవయసులో హార్మోన్ ఎక్కువైతే ఆ దెబ్బ తరచుగా ముందు గుండెకే తగలడానికి ఇదొక కారణం.

టీ3 కణంలోకి వెళ్ళి, కేంద్రకంలో తనకోసం ఉన్న గ్రాహకాన్ని పట్టుకుంటుంది. అప్పుడు కొన్ని జన్యువులు పనిచేయడం మొదలుపెడతాయి, కొన్ని ఆగిపోతాయి. ఈ గ్రాహకం ఏమిటో 1986లో తేలింది. అమెరికాలో రొనాల్డ్ ఎవాన్స్ బృందం, యూరప్‌లో బ్యోర్న్ వెన్‌స్ట్రోమ్ బృందం ఒకే సమయంలో దాన్ని గుర్తించాయి. గ్రాహకాల్లో రెండు ముఖ్యమైన రకాలున్నాయి, ఆల్ఫా, బీటా. గుండెలో, ఎముకల్లో ఆల్ఫా ఎక్కువ, కాలేయంలో బీటా ఎక్కువ. గుండె ఎంత వేగంగా కొట్టుకోవాలి, ప్రతి దెబ్బ తర్వాత కండరం ఎంత త్వరగా వదులవ్వాలి, కాలేయం రక్తంలోని చెడు కొలెస్టరాల్‌ను ఎంత లాగేసుకోవాలి, పేగులు ఎంత చురుగ్గా కదలాలి, ఒంట్లో ఎంత వేడి పుట్టాలి, ఇవన్నీ కొంతో గొప్పో ఈ హార్మోన్ అదుపులోనే నడుస్తాయి. ఇది పనిచేయని అవయవం ఒంట్లో లేదనే చెప్పాలి.

మరి రిపోర్టులో చూసి బెంబేలెత్తే టీఎస్‌హెచ్ ఏమిటి? అది థైరాయిడ్ హార్మోన్ కాదు. మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథి నుంచి వస్తుంది. రక్తంలో టీ4 కొంచెం తగ్గిందని పిట్యూటరీకి అనిపిస్తే టీఎస్‌హెచ్‌ను పెంచి థైరాయిడ్‌ను ఇంకా పనిచేయమంటుంది. ఎక్కువైందనిపిస్తే తగ్గిస్తుంది. టీ4లో చిన్న మార్పు వచ్చినా టీఎస్‌హెచ్ చాలా రెట్లు మారుతుంది కాబట్టి పరీక్షకు అది బాగా పనికొస్తుంది. కానీ అది చెప్పేది పిట్యూటరీ అభిప్రాయం మాత్రమే. గుండెలో, మెదడులో, కాలి కండరంలో హార్మోన్ ఎంత పనిచేస్తోందో ఆ అంకె నేరుగా చెప్పదు. దీన్ని గుర్తుపెట్టుకుంటే మిగతాదంతా సులువుగా అర్థమవుతుంది.

ఇక వయసు సంగతికి వద్దాం.

యవ్వనంలో థైరాయిడ్ రోజుకు సుమారు 80 మైక్రోగ్రాముల టీ4 తయారుచేస్తుంది. పెద్దవయసులో అది 60 దాకా దిగుతుంది. అయినా రక్తపరీక్షలో టీ4 తగ్గినట్టు కనిపించదు. ఎందుకంటే ఖర్చు కూడా తగ్గుతుంది. యువకుల రక్తంలోని టీ4 సగానికి తగ్గడానికి సుమారు 7 రోజులు పడితే, 80 ఏళ్ళ వారిలో 9 రోజులు పడుతుంది. రాబడి తగ్గింది, వాడకమూ తగ్గింది, నిల్వ మాత్రం అలాగే ఉంది. టీ3 మాత్రం బాగా పెద్దవయసులో కొంచెం తగ్గుతుంది. పనికిరాని రూపం కొంచెం పెరుగుతుంది. టీఎస్‌హెచ్ మెల్లగా పైకి పోతుంది.

ఈ చివరి సంగతిని ఒకే మనుషుల మీద ఏళ్ళ తరబడి చూసినవాళ్ళున్నారు. పశ్చిమ ఆస్ట్రేలియాలో బస్సెల్టన్ అనే ఊరుంది. అక్కడి జనం దశాబ్దాలుగా ఆరోగ్య పరీక్షలకు వస్తూ ఉంటారు. 13 ఏళ్ళ తేడాతో దాచిన రక్తాన్ని పోల్చి చూస్తే సగటు టీఎస్‌హెచ్ 0.32 పెరిగింది. టీ4 మారలేదు. పెరుగుదల ముసలివాళ్ళలోనే ఎక్కువ. థైరాయిడ్ దెబ్బతిని ఉంటే టీ4 తగ్గాలి కదా! తగ్గలేదు. పిట్యూటరీ తాను సరిపోయిందనుకునే స్థాయినే వయసుతోపాటు కొంచెం జరుపుకుంటోందని ఆ పరిశోధకుల అభిప్రాయం. నాకూ అదే సబబుగా తోస్తుంది.

అమెరికాలో జరిగిన జాతీయ ఆరోగ్య సర్వే లెక్కలు ఇంకా స్పష్టంగా ఉన్నాయి. థైరాయిడ్ జబ్బు ఆనవాళ్ళు లేనివారిని మాత్రమే తీసుకుని, వయసులవారీగా టీఎస్‌హెచ్ పై హద్దు ఎంతో చూశారు. 20 నుంచి 29 ఏళ్ళవారిలో అది 3.56. 80 దాటినవారిలో 7.49. 2007లో మార్టిన్ సర్క్స్, జోసెఫ్ హాలోవెల్ దీన్ని ప్రచురించారు. మన ల్యాబుల్లో రిపోర్టు మీద ముద్రించే హద్దు సాధారణంగా 4.5, లేదా 5 దగ్గర ఉంటుంది. పాతికేళ్ళ అమ్మాయికీ, ఎనభై అయిదేళ్ళ తాతగారికీ అదే హద్దు. ఆ లెక్కన తాతగారికి 6.2 వస్తే కంప్యూటర్ చుక్క పెడుతుంది. ఆయన ఈడువాళ్ళలో మాత్రం అది మామూలే.

అన్ని దేశాల్లోనూ ఇలాగే ఉంటుందనుకోకూడదు. ఒక తరం తిన్న ఉప్పు ఎలాంటిదన్నదాన్ని బట్టి వాళ్ళ ముసలితనంలో థైరాయిడ్ తీరు మారుతుంది. డెన్మార్క్‌లోని జట్లాండ్‌లో అప్పట్లో అయొడిన్ తక్కువ, ఐస్‌లాండ్‌లో చేపలు తినే అలవాటు వల్ల ఎక్కువ. రెండు చోట్లా 70 ఏళ్ళకు దగ్గర్లో ఉన్నవారిని పీటర్ లౌర్‌బర్గ్ బృందం పోల్చింది. ఐస్‌లాండ్‌లో టీఎస్‌హెచ్ పెరిగినవారు ఎక్కువ కనిపించారు. జట్లాండ్‌లో తగ్గినవారు ఎక్కువ. అయొడిన్ చాలక ఏళ్ళ తరబడి శ్రమపడిన గ్రంథిలో గడ్డలు ఏర్పడతాయి. వాటిలో కొన్ని పెద్దవయసులో ఎవరి మాటా వినకుండా సొంతంగా హార్మోన్ చేయడం మొదలుపెడతాయి.

ఇక్కడ మన శ్రీకాకుళం బిడ్డ పేరు తలుచుకోవాలి. వులిమిరి రామలింగస్వామిగారు విశాఖపట్నం ఆంధ్ర వైద్య కళాశాలలో చదివి, ఢిల్లీ ఎయిమ్స్‌కు డైరెక్టర్ అయ్యారు. హిమాలయాల అడుగున కాంగ్రా లోయలో ఇంటింటా గాయిటర్‌తో గొంతు వాచిన మనుషులుండేవారు. అక్కడ దాదాపు లక్షమంది జనాన్ని మూడు ప్రాంతాలుగా విడదీసి, రెండింటికి అయొడిన్ కలిపిన ఉప్పు, ఒకదానికి మామూలు ఉప్పు ఇచ్చి చూశారు. 1956లో మొదలైన ఆ పని కొన్నేళ్ళలోనే ఫలితం చూపింది. అయొడిన్ ఉప్పు తిన్నచోట గాయిటర్లు తగ్గిపోయాయి, తిననిచోట అలాగే ఉన్నాయి. 1962లో జాతీయ గాయిటర్ నియంత్రణ కార్యక్రమం మొదలైంది. ఇవాళ మన వంటింట్లోని ఉప్పు ప్యాకెట్టు మీద ‘అయొడైజ్డ్’ అన్న మాట వెనక ఆయన కృషి ఉంది. కానీ దేశమంతటా అందరికీ ఆ ఉప్పే అందించాలన్న నిర్ణయం అమలులోకి రావడానికి ఇంకా చాలా కాలం పట్టింది. కాబట్టి ఇవాళ డెబ్బై అయిదు, ఎనభై ఏళ్ళున్నవారు బాల్యంలో, యవ్వనంలో అయొడిన్ కలపని ఉప్పు తిన్నవారే. వాళ్ళ గొంతులో పాత గడ్డ ఏదైనా ఉందేమో డాక్టరు చేత్తో తడిమి చూడటం మర్యాద కోసం చేసే పని కాదు, అవసరమైన పరీక్ష.

ఇంతవరకు రక్తంలో జరిగే మార్పులు చెప్పాను. కణం లోపల ఏం జరుగుతుందన్నది ఇంతకంటే ఆసక్తికరం. హార్మోన్ ఉన్నంత మాత్రాన సరిపోదు, కణం దాని మాట వినాలి. 1981లో అమెరికాలో జాక్ ఓపెన్‌హైమర్ బృందం ఎలుకల మీద ఒక పరిశోధన చేసింది. పిల్ల ఎలుకలకు టీ3 ఇస్తే కాలేయంలో మాలిక్ ఎంజైమ్ అనేది బాగా పెరుగుతుంది. అది కొవ్వు తయారీకి అవసరమైనది. వయసు మళ్ళిన ఎలుకల్లో అదే టీ3కి ఆ పెరుగుదల బాగా తగ్గిపోయింది. అంటే అదే హార్మోన్, అదే అవయవం, కానీ స్పందన వేరు. మనిషిలో ప్రతి అవయవంలోనూ దీన్ని కొలవడం కష్టం. కాలేయంలో ముక్క తీసి చూడొచ్చేమో గానీ, ఆరోగ్యంగా ఉన్న తాతగారి గుండెలోంచి ముక్క తీసి చూడలేం కదా. అందుకే మనిషి విషయంలో ఏ అవయవం ఎంత మందగిస్తుందన్న పట్టిక ఇంకా పూర్తి కాలేదు. అన్నీ ఒకేలా మందగించవు అన్నది మాత్రం నిజం.

అవయవానికో తీరు అన్న ఈ అవగాహన మందుల్లోకి కూడా వచ్చింది. 2024 మార్చిలో అమెరికా ఎఫ్‌డీఏ ఆమోదించిన రెస్మెటిరాం అనే మందు ప్రధానంగా బీటా గ్రాహకాన్ని పట్టుకుని కాలేయంలోనే పనిచేస్తుంది. కొవ్వు పట్టి మచ్చలు పడుతున్న కాలేయానికి దాన్ని వాడతారు. గుండె జోలికి పెద్దగా పోకుండా కాలేయానికి మాత్రమే థైరాయిడ్ హార్మోన్ మేలు అందించాలన్నది దాని ఉద్దేశం.

ఇక్కడొక పెద్ద ప్రశ్న వస్తుంది. వయసుతో థైరాయిడ్ పని మందగించడం జబ్బా? లేక ఒళ్ళు తనను తాను కాపాడుకునే తీరా?

నెదర్లాండ్స్‌లో లైడెన్ నగరంలో 85 ఏళ్ళు నిండినవారిని వరసగా తీసుకుని కొన్నేళ్ళు గమనించారు. 2004లో వచ్చిన ఫలితం చాలామంది వైద్యులను ఆశ్చర్యపరిచింది. టీఎస్‌హెచ్ ఎక్కువున్నవారు త్వరగా చనిపోలేదు సరికదా, మిగతావారికంటే ఎక్కువకాలం బతికారు. వాళ్ళ జ్ఞాపకశక్తి గానీ, రోజువారీ పనులు చేసుకునే సత్తువ గానీ అధ్వాన్నం కాలేదు. న్యూయార్క్‌లో నూరేళ్ళు దాటిన అష్కెనాజీ యూదులను చూసినప్పుడు వాళ్ళ టీఎస్‌హెచ్ కూడా వాళ్ళకంటే చిన్నవారితో పోలిస్తే ఎక్కువగానే కనిపించింది. వాళ్ళ పిల్లల్లోనూ ఆ లక్షణం ఉంది, అంటే కొంతవరకు వంశపారంపర్యం కూడా. పిట్యూటరీలో లోపంతో పుట్టిన కొన్ని మరుగుజ్జు ఎలుకలున్నాయి. వాటిలో పెరుగుదల హార్మోన్ ఉండదు, టీఎస్‌హెచ్ ఉండదు. అవి మామూలు ఎలుకలకంటే చాలా ఎక్కువకాలం బతుకుతాయి. అందులో థైరాయిడ్ వాటా ఎంత, పెరుగుదల హార్మోన్ వాటా ఎంత అన్నది విడదీయడం తేలిక కాదు. పైగా టీఎస్‌హెచ్ ఎక్కువ కాబట్టే ఎక్కువకాలం బతికారని ఈ పరిశీలనలతో రుజువు కాదు. కానీ ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్పొచ్చు. 85 ఏళ్ళ మనిషి టీఎస్‌హెచ్‌ను 25 ఏళ్ళ మనిషి స్థాయికి దింపితే మేలు జరుగుతుందని అనుకోవడానికి ఆధారం లేదు.

దింపి చూశారు కూడా. 2017లో ప్రచురితమైన ట్రస్ట్ అనే పరీక్ష ఈ విషయంలో నాకు అన్నిటికంటే ముఖ్యమైనది. బ్రిటన్, ఐర్లాండ్, నెదర్లాండ్స్, స్విట్జర్లాండ్ దేశాల్లో 65 పైబడిన 737 మందిని తీసుకున్నారు. అందరికీ టీఎస్‌హెచ్ కొంచెం ఎక్కువ, టీ4 మామూలుగా ఉంది. సగటు వయసు 74. సగంమందికి థైరాక్సిన్ మాత్ర, సగంమందికి అచ్చం అలాగే కనిపించే ఉత్తుత్తి మాత్ర. ఎవరు ఏది వేసుకుంటున్నారో వాళ్ళకూ తెలియదు, చూసే డాక్టర్లకూ తెలియదు. ఏడాది తర్వాత మందు వేసుకున్నవారి టీఎస్‌హెచ్ 6.40 నుంచి 3.63కి దిగింది. రిపోర్టు చక్కబడింది. కానీ నీరసం తగ్గిందా? తగ్గలేదు. థైరాయిడ్ తక్కువైనవారికి ఉండే మిగతా బాధలు తగ్గాయా? లేదు. రెండు గుంపుల మధ్యా తేడా లేదు. ఇంకో విశేషం గమనించండి. ఏ మందూ తీసుకోని గుంపులో కూడా టీఎస్‌హెచ్ దానంతట అదే 5.48కి దిగింది. తర్వాత 80 దాటిన 251 మంది మీద విడిగా చూసినా, 2019లో అదే జవాబు వచ్చింది.

అందుకే టీఎస్‌హెచ్ కొంచెం ఎక్కువ కనిపించిన పెద్దవారిలో రెండు మూడు నెలలాగి మళ్ళీ పరీక్ష చేయించాలంటాం. రెండోసారి మామూలైపోయేవారు చాలామందే ఉంటారు. జ్వరంతోనో, న్యుమోనియాతోనో ఆసుపత్రిలో ఉన్నప్పుడు తీసిన రక్తంలో థైరాయిడ్ అంకెలు తారుమారవుతాయి. జబ్బు ముదిరినప్పుడు ఒళ్ళు టీ3ని కావాలనే తగ్గించుకుంటుంది. కోలుకునేటప్పుడు టీఎస్‌హెచ్ కొన్నాళ్ళు పైకి పోతుంది. ఆ సమయంలో చేసిన పరీక్షను పట్టుకుని జీవితాంతం మాత్ర రాసేయడం అన్యాయం.

హైదరాబాదుతో కలిపి ఎనిమిది నగరాల్లో 5,376 మందిని పరీక్షించిన ఒక అధ్యయనం 2013లో వచ్చింది. నూటికి దాదాపు 11 మందిలో థైరాయిడ్ తక్కువగా పనిచేస్తున్నట్టు అందులో తేలింది. వీళ్ళు కాక, టీఎస్‌హెచ్ మాత్రమే పెరిగి టీ4 బాగానే ఉన్నవారు నూటికి మరో 8 మంది. మన దేశంలో ఎన్ని లక్షలమంది పెద్దలకు ఈ ప్రశ్న వర్తిస్తుందో ఆలోచించండి.

ఇంత చెప్పానని, పెద్దవయసులో థైరాయిడ్ తక్కువ కావడం పట్టించుకోనక్కర లేదని దయచేసి అనుకోవద్దు. అది ఇంకా ప్రమాదం. టీఎస్‌హెచ్ 10 దాటి, టీ4 కూడా పడిపోయిందంటే అది జబ్బే. దానికి మందు తప్పనిసరి. పెద్దల్లో ఈ జబ్బును పట్టుకోవడం ఎందుకు కష్టమంటే, దాని లక్షణాలు ముసలితనం లక్షణాల్లాగే ఉంటాయి. చలి ఎక్కువ వేయడం, మలబద్ధకం, చర్మం పొడిబారడం, గొంతు బొంగురుపోవడం, చెవులు సరిగా వినపడకపోవడం, అడుగు తడబడటం, మాట నెమ్మదించడం, మరుపు, దిగులు. వీటిలో ఏ ఒక్కటి చెప్పినా ‘ఈ వయసులో మామూలే అత్తయ్యా’ అని ఇంట్లోవాళ్ళు సర్దిచెప్తారు. ఆవిడా ఊరుకుంటుంది. నా మనసుకు అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే. మేనెలలో కూడా దుప్పటి కప్పుకుని కూర్చునే పెద్దావిడను ‘చాదస్తం’ అనుకుని వదిలేస్తే, ఒక చౌకైన మాత్రతో తీరిపోయే బాధను ఆవిడ ఏళ్ళ తరబడి మోస్తుంది.

డాక్టర్లు చూసే ఒక గుర్తు చెప్తాను. మనిషిని కుర్చీ మీద మోకాళ్ళ మీద నిలబెట్టి, పాదాలు వెనక్కి వేలాడేలా ఉంచుతారు. మడమ వెనక స్నాయువును రబ్బరు సుత్తితో తట్టగానే పాదం ఠక్కున కదులుతుంది. మామూలు మనిషిలో వెంటనే యథాస్థానానికి వచ్చేస్తుంది. థైరాయిడ్ బాగా తగ్గినవారిలో పాదం కదలడం కదులుతుంది గానీ, తిరిగి రావడానికి తటపటాయిస్తుంది, నెమ్మదిగా జారుతూ వస్తుంది. ముడుచుకున్న కండరం మళ్ళీ వదులవ్వాలంటే కాల్షియంను లోపలికి లాగేసుకునే పంపు పనిచేయాలి. ఆ పంపును తయారుచేయించేది టీ3. ఇందాక చెప్పిన గుండె కండరం వదులవ్వడం కూడా ఇలాంటి పంపు పనే. కంటికి కనిపించని హార్మోన్ పని కళ్ళెదుట కనిపించేది ఇక్కడే. ఇబ్బందేమిటంటే, బాగా ముసలివాళ్ళలో, షుగరున్నవారిలో ఈ మడమ స్పందన అసలే రాకపోవచ్చు. అప్పుడు ఈ పరీక్ష మీద ఆధారపడలేం. రక్తపరీక్షే దిక్కు.

మందు లేని కాలంలో ఈ జబ్బు మనిషిని ఎక్కడికి తీసుకెళ్ళేదో, మందు ఎలా వెనక్కి తెచ్చిందో చెప్పడానికి ఒక పాత సంగతి ఉంది. 1891లో ఇంగ్లండ్‌లో జార్జ్ ముర్రే అనే యువ వైద్యుడు 46 ఏళ్ళ ఒక స్త్రీకి గొర్రె థైరాయిడ్ రసాన్ని చర్మం కింద ఎక్కించాడు. మొహం ఉబ్బి, మాట మందగించి, కదలిక తగ్గిపోయిన ఆమె కొన్ని నెలల్లో మామూలు మనిషైంది. తర్వాత ఆ రసాన్ని నోటిద్వారా తీసుకుంటూ మరో 28 ఏళ్ళు బతికి 74వ ఏట చనిపోయింది. ఆ కాలంలో ఆమె తీసుకున్న మందు కోసం 870కి పైగా గొర్రెల థైరాయిడ్లు కావలసి వచ్చాయని ముర్రే లెక్క రాశాడు. ఇవాళ అదే పనికి చిన్న సీసాలోని తెల్లటి మాత్రలు సరిపోతున్నాయి.

ఇక రెండో వైపు. థైరాయిడ్ ఎక్కువైతే చిన్నవయసువాళ్ళలో చేతులు వణుకుతాయి, చెమటలు పోస్తాయి, చిరాకు, ఆకలి, కళ్ళు పైకి పొడుచుకురావడం, ఇవన్నీ ఉంటాయి. పెద్దవాళ్ళలో చాలాసార్లు ఇవేవీ ఉండవు. బరువు తగ్గిపోతూ, అన్నం సహించక, ఎవరితో మాట్లాడకుండా ఒక మూల కూర్చుంటారు. క్యాన్సరేమోనని స్కానింగులన్నీ తిప్పుతారు. కొన్నిసార్లు దొరికే ఒకే ఒక్క ఆధారం నాడి. గతి లేకుండా, ఎప్పటికప్పుడు మారిపోతూ కొట్టుకునే నాడి. 1931లోనే అమెరికన్ సర్జన్ ఫ్రాంక్ లాహీ ఈ తీరును వర్ణించాడు. అమెరికాలో ఫ్రామింగ్‌హాం పట్టణంలో 60 దాటినవారిని పదేళ్ళు గమనిస్తే, టీఎస్‌హెచ్ 0.1, అంతకంటే తక్కువగా ఉన్నవారిలో నూటికి 28 మందికి ఏట్రియల్ ఫిబ్రిలేషన్, అంటే గుండె పై గదుల వణుకు, వచ్చింది. మామూలుగా ఉన్నవారిలో నూటికి 11 మందికే వచ్చింది. ఆ గదులు అలా వణికితే లోపల రక్తం గడ్డకట్టవచ్చు. ఆ గడ్డ మెదడుకు పోతే పక్షవాతం. ముట్లుడిగిన స్త్రీలలో హార్మోన్ ఎక్కువైతే ఎముకలు గుల్లబారడం కూడా వేగమవుతుంది. తుంటి ఎముక విరిగిందంటే ఆ తర్వాత జీవితం ఎలా మారిపోతుందో మీలో చాలామంది ఇంట్లోనే చూసి ఉంటారు.

ఈ ప్రమాదం థైరాయిడ్ జబ్బు వల్లే రానక్కర లేదు. అవసరానికి మించిన మాత్ర వల్ల కూడా వస్తుంది. నలభై ఏళ్ళప్పుడు 100 మైక్రోగ్రాముల మాత్ర సరిపోయినవారికి డెబ్బై అయిదేళ్ళప్పుడు అది ఎక్కువ కావచ్చు. ఒంట్లో హార్మోన్ ఖర్చు నెమ్మదిస్తుందని చెప్పాను కదా. బరువు తగ్గినా అంతే. పాత చీటీ మీదే ఏళ్ళ తరబడి అదే మాత్ర కొనుక్కుంటూ పోయేవారు మన ఊళ్ళల్లో ఎంతమందో. ఏడాదికొకసారైనా టీఎస్‌హెచ్ చూపించుకోవాలి. అమెరికన్ థైరాయిడ్ అసోసియేషన్ 2014లోనే 70, 80 ఏళ్ళు పైబడినవారికి మందుమీద టీఎస్‌హెచ్ 4 నుంచి 6 మధ్య ఉన్నా ఫర్వాలేదంది. ఎనభై ఏళ్ళ మనిషి టీఎస్‌హెచ్ 1 దగ్గరికి రావాలని మోతాదు పెంచుకుంటూ పోనక్కర లేదు.

కొత్తగా మొదలుపెట్టేటప్పుడు పెద్దవాళ్ళకు, ముఖ్యంగా గుండెజబ్బున్నవారికి, 12.5 లేదా 25 మైక్రోగ్రాములతో మొదలుపెట్టి మెల్లగా పెంచుతారు. ఒకేసారి ఎక్కువిస్తే మందగించి ఉన్న గుండె ఒక్కసారిగా వేగం పుంజుకుని ఛాతీనొప్పి రావచ్చు. మోతాదు మార్చాక ఆరు నుంచి ఎనిమిది వారాలు ఆగి పరీక్ష చేయిస్తేనే అంకె నమ్మదగ్గది. వారానికే పరీక్ష చేయించి ‘తగ్గలేదు’ అనుకోవద్దు.

మాత్రను పొద్దున్నే పరగడుపున, మంచినీళ్ళతో వేసుకోవాలి. ఆ తర్వాత అరగంట నుంచి గంట దాకా కాఫీ కూడా తాగకూడదు. ఇది మన పెద్దవాళ్ళకు నచ్చని మాట, తెలుసు. కానీ కాఫీతో కలిపి వేసుకుంటే మందు సరిగా ఒంటబట్టదు. కాల్షియం మాత్రలు, ఐరన్ మాత్రలు నాలుగు గంటల ఎడంతో వేసుకోవాలి. పెద్దవయసులో ఈ రెండూ వేసుకునేవారు ఎక్కువ. అన్నీ ఒకే గుక్కలో మింగి, ‘థైరాయిడ్ మాత్ర పనిచేయడం లేదు’ అని మోతాదు పెంచించుకుంటే సమస్య అక్కడే ఉండిపోతుంది. జుట్టు రాలుతోందని కొనుక్కునే బయోటిన్ కూడా కొన్ని ల్యాబు పద్ధతుల్లో థైరాయిడ్ అంకెలను తప్పుగా చూపిస్తుంది. పరీక్షకు రెండు మూడు రోజుల ముందు దాన్ని ఆపాలి.

గుండె లయ తప్పినవారికి ఇచ్చే అమియోడరోన్ గురించి ప్రత్యేకంగా చెప్పాలి. రోజుకొక 200 మిల్లీగ్రాముల మాత్ర వేసుకుంటే ఒంట్లోకి సుమారు 6 మిల్లీగ్రాముల అయొడిన్ విడుదలవుతుంది. మనిషికి రోజుకు కావలసింది 150 మైక్రోగ్రాములు మాత్రమే. అంటే నలభై రెట్లు. దీనివల్ల కొందరికి థైరాయిడ్ తగ్గుతుంది, కొందరికి పెరుగుతుంది. మందు ఆపిన నెలల తర్వాత కూడా ఇది రావచ్చు. ఆ మందు వాడేవారు ఆరునెలలకోసారి థైరాయిడ్ పరీక్ష చేయించుకోవాలి. మానసిక వైద్యులు ఇచ్చే లిథియం వాడేవారికీ ఇదే వర్తిస్తుంది.

ఇది విన్నాక మీ అమ్మగారి మాత్రో, మీ నాన్నగారి మాత్రో మీ అంతట మీరు ఆపేయకండి. ఆపరేషన్ అయి గ్రంథి తీసేసినవారికి, రేడియో అయొడిన్ తీసుకున్నవారికి, టీ4 నిజంగా తగ్గినవారికి ఆ మాత్రే ఊపిరి. మాత్ర ఎప్పుడు మొదలైంది, అప్పటి టీఎస్‌హెచ్ ఎంత, టీ4 ఎంత అన్న పాత రిపోర్టు వెతికి పెట్టుకోండి. డాక్టరు దగ్గరికి వెళ్ళేటప్పుడు దాంతోపాటు ఇంట్లో వాడుతున్న మందులన్నీ, ఆయుర్వేదం, హోమియో, బలం మాత్రలతో సహా, ఒక సంచిలో వేసుకుని తీసుకెళ్ళండి. మొదలుపెట్టిన రోజున ఆ మాత్ర అవసరమా కాదా అన్నది ఆ పాత కాగితం చూస్తే చాలావరకు తేలిపోతుంది. అవసరం లేదని తేలితే ఎంత మోతాదు నుంచి ఎలా తగ్గించాలో, ఎప్పుడు మళ్ళీ పరీక్ష చేయాలో డాక్టరు చెప్తారు.